ఎడమవాలు

పుర్రచేతి బెంటు ఒక్క కాగితానికి నాలుగు మేకులు కొట్టాడు. సుత్తి కనపడలేదని గొడ్డలి తిరగేసి కొట్టాడు. దెబ్బ దెబ్బకీ పెర్పెతువా వైను కొట్టులో గ్లాసులు గణగణలాడాయి. గోడ సున్నం పెచ్చు ఊడి అనీబల్ తాగుతున్న గ్లాసులో పడింది.

"గోడ కూల్చడానికొచ్చావా, కాగితం అంటించడానికొచ్చావా?" గల్లాపెట్టె వెనకనుంచి అరిచింది పెర్పెతువా. "కాస్త మైదా ఉడకేసి అంటిస్తే సరిపోదూ!"

"మైదా అయితే వానలకి ఊడుద్ది. ఇది నేను పోయాక కూడా ఇక్కడుండాలి," అన్నాడు బెంటు. నాలుగో మేకు మీద ఇంకో దెబ్బ వేశాడు.

వానియ గుమ్మంలోనే నిలబడిపోయింది. సోమవారం ఎవొరా యూనివర్సిటీలో అయిదుగురు ప్రొఫెసర్ల ముందు మూడు గంటలు నిలబడి జవాబులు చెప్పిన మనిషి ఇప్పుడు గడప దాటలేకపోయింది. గోడకెక్కిన కాగితం ఆమె సిద్ధాంత గ్రంథంలో మొదటి పేజీ, కృతజ్ఞతల పేజీ. తండ్రి దాన్ని పట్నంలో పెద్దదిగా జిరాక్స్ తీయించి, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కి తెచ్చాడు. ఇప్పుడది ఫుట్‌బాల్ క్యాలెండరు పక్కన, ఎండుమిరప దండ కింద వేలాడుతోంది.

"చదువమ్మా డాక్టరూ," అన్నాడు అనీబల్ గ్లాసులో సున్నం వేలితో తీసుకుంటూ. "మాకు కళ్ళున్నాయి గానీ అంత పొడుగు మాటలు నోట పట్టవు."

బెరడు ఒలిచే ముఠా అంతా అక్కడే ఉంది. పొద్దున్నుంచీ చెట్లమీద గొడ్డళ్ళు వేసి, మధ్యాహ్నానికి దిగి, మెడల మీద బెరడు పొడి కడుక్కోకుండానే వచ్చారు. వానియ సిగ్గుపడుతూ చదివింది. ముందు గైడుకు. తర్వాత ప్రయోగశాల తాళాలు నమ్మి చేతికిచ్చిన ఆయాకు. ఆ తర్వాత, "కొట్టు వెనక గదిలో నాకు బల్ల వేసి, గొంతు తగ్గించండని ఆరేళ్ళపాటు తాగుబోతుల్ని తిట్టిన పెర్పెతువా అత్తకు."

కొట్టంతా గొల్లున నవ్వింది. పెర్పెతువా ముఖం తిప్పుకుని శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ తుడిచింది.

"మా ఊళ్ళో మూగాయన అని పిలిచే మనిషికి. నాకు అంతా చెప్పింది ఆయనే."

ఈసారి నవ్వు బల్లలు చరిచేదాకా పోయింది. మూలన కూర్చుని ఆలివ్ గింజలు వరసగా పేరుస్తున్న ఎర్మీనియు తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నిజానికి ఆయన మూగవాడు కాదు. మాట్లాడడు, అంతే. ఎర్మీనియు ఎవరంటే పోస్టుమాను కూడా బుర్ర గోక్కుంటాడు. మూగాయన ఇల్లేదంటే కుక్క కూడా దారి చూపిస్తుంది.

గ్రంథం ఈ ముఠా పనిచేసే ఎస్టేటులో చెట్లకైన గాయాల గురించి. అందులో వానియ ఎస్టేటు పేరు రాయలేదు, 'గ' అని ఊరుకుంది. మనుషులకు అంకెలిచ్చింది. ఈ ఒక్క చోట మాత్రం ప్రేమకొద్దీ ముద్దుపేరు రాసింది. యూనివర్సిటీలో ఆ పేరు ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. కాగితం ఇంత దూరం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"చివరిది చదువు," అన్నాడు బెంటు.

"మా నాన్న బెంటుకు. గొడ్డలి ఎప్పుడూ తల్లిని తాకకూడదని నాకు నేర్పినందుకు."

ఎవరూ నవ్వలేదు. అనీబల్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. తల్లి అంటే, సీసా బిరడాల కోసం బెరడు ఒలిచే చెట్టుకు పైబెరడు కింద ఉండే పల్చటి పొర. అది నిలిస్తేనే తొమ్మిదేళ్ళకు మళ్ళీ బెరడు కడుతుంది. దానికి గాయమైతే చెట్టు బతికినంతకాలం అక్కడ మచ్చే. ఇది అక్కడున్న ప్రతివాడికీ అన్నం తినడమంత తెలిసిన విషయం. అందుకే గౌరవంతో మౌనంగా ఉన్నారనుకుంది వానియ. తండ్రి గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ అరచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"బావుంది," అన్నాడు గల్లా దగ్గర నిలబడ్డ మనిషి. ఎస్టేటు మేనేజరు వలెంతీం. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. కాగితం దగ్గరకొచ్చి, మూగాయన అన్న మాటమీద వేలు పెట్టి, తలుపు కొట్టినట్టు రెండుసార్లు తట్టాడు. "అంతా చెప్పాడన్నమాట. ఏం చెప్పావు మూగాయనా? నాకూ చెప్పరాదూ?"

ఎర్మీనియు ఇంకో గింజ వరసలో పెట్టాడు. వలెంతీం చేత్తో ఆ వరసంతా కిందికి ఊడ్చేసి బయటికి నడిచాడు.

*

గురువారం పొద్దున వానియ గాడిదబండి మీద వైను కూజా, వేయించిన పంది మాంసం, నాలుగు పెద్ద రొట్టెలు పెట్టుకుని తోటకు వెళ్ళింది. పట్టా పుచ్చుకున్నవాళ్ళు ముఠాకి ఒక పూట భోజనం పెట్టాలి. పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఆ ముఠా ఇళ్ళలో ఇంతవరకూ లేరు కాబట్టి ఆ ఆచారం అప్పటికప్పుడు అనీబల్ పుట్టించాడు. ఎవరూ కాదనలేదు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చెట్టుకిద్దరు చొప్పున పని సాగుతోంది. కొమ్మల పంగలో కాళ్ళు తన్నిపెట్టి ఎర్మీనియు పైన, మొదట్లో బెంటు కింద. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఇద్దరిదీ ఒకే చెట్టు. బెంటు నిలువు పగులు వెంట గొడ్డలి దించాడు, కొంచెం తిప్పాడు. లోపల డొల్ల చప్పుడైంది. ఆ చప్పుడు వస్తే బెరడు ఒప్పుకున్నట్టు. ఠక్కుమని పొడి చప్పుడు వస్తే ఒప్పుకోనట్టు, చెట్టుని ఒదిలెయ్యాలి. ఆయన గొడ్డలి కొన నెర్రెలో దూర్చి, కాడ చివర చెక్కిన అంచుతో నెమ్మదిగా ఎత్తాడు. పాతబట్ట చింపినట్టు చప్పుడు చేస్తూ మనిషెత్తు పలక ఒక్కటిగా ఊడొచ్చింది. కింద తల్లి తడిగా, లేత పసుపుగా బయటపడింది. ఒక్క గీత లేదు.

"చూసుకో డాక్టరూ," అన్నాడు బెంటు. "గోరుగీత కూడా పడలా."

వానియ నవ్వింది. అప్పుడే జీపు వచ్చింది.

వలెంతీం దిగాడు, వెనక ఇద్దరు మనుషులు దిగారు. ఆ ఇద్దరిదీ ఈ ఊరు కాదు. "మూగాయనా, కిందికి దిగు," అన్నాడు వలెంతీం. ఎర్మీనియు మొదలుపెట్టిన కోత పూర్తిచేశాడు. కోత సగంలో ఆపితే తల్లికి దెబ్బ తగులుతుంది. తర్వాత గొడ్డలి కాడ కిందికి వచ్చేట్టు వంగి బెంటు చేతికి అందించాడు. నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు.

ఆఖరి మెట్టుమీద కాలు ఉండగానే వలెంతీం జీపులోంచి తెచ్చిన గొడ్డలి కాడతో మోకాళ్ళ వెనక కొట్టాడు. ఎర్మీనియు బోర్లా పడ్డాడు. పక్కటెముకల్లో తన్నాడు. మళ్ళీ తన్నాడు. "మాట్లాడు! దానికి చెప్పావుగా, నాకూ చెప్పు! గడువుకి ఒక ఏడాది ముందే ఒలిపించానని చెప్పావా? బెరడు ఒప్పుకోని ఆగస్టు ఆఖర్న ఒలిపించానని చెప్పావా?" ప్రతి ప్రశ్నకీ ఒక తన్ను. ఎర్మీనియు నోటినుంచి గాలి బయటికి పోతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. దవడ మీద తగిలిన తన్నుకి ఒక పన్ను ఊడి ఎండుగడ్డిలో పడింది.

పదకొండు మంది మగవాళ్ళు. పదకొండు గొడ్డళ్ళు, పొద్దున్నే నూరినవి, గడ్డం గీసుకోవచ్చు. ఒక్కడు కదల్లేదు. అందరూ ముఠా మేస్త్రీ అయిన బెంటు వంక చూశారు. ఆయన రెండు చేతుల్లో రెండు గొడ్డళ్ళతో, తనదీ ఎర్మీనియుదీ, చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు.

"నాన్నా!" అని కేక పెట్టింది వానియ. ఆమె పరుగెత్తి వైను కూజా ఎత్తి విసిరింది. అది వలెంతీం భుజానికి తగిలి పగిలింది. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి వెనక్కి లాగి కొట్టాడు. ఆమె చెవిలో గుయ్యిమంది, పెదవి చిట్లి ఉప్పగా నోట్లోకి వచ్చింది. కింద పడి మళ్ళీ లేవబోతే నడుం చుట్టూ ఒక చెయ్యి పడి వెనక్కి ఈడ్చింది. అది తండ్రి చెయ్యి.

"ఒదులు! ఒదులు నాన్నా! చంపేస్తున్నాడు!"

"నోర్ముయ్," అన్నాడు బెంటు చెవిలో. "నీకు దణ్ణం పెడతా, నోర్ముయ్."

"పట్టుకో బెంటూ, బాగా పట్టుకో," అన్నాడు వలెంతీం. మొహం మీద వైను కారుతోంది. "లేకపోతే నేనే చెప్పనా నీ కూతురికి? ఇక్కడే, ఇప్పుడే చెప్పనా?"

బెంటు చెయ్యి ఇంకా బిగిసింది. ఆ ఇద్దరు మనుషులు ఎర్మీనియు కుడిచెయ్యి లాగి, ఒలిచి పేర్చిన పలకల మీద పెట్టారు. వలెంతీం, బెంటు చేతిలోంచి జారి కింద పడి ఉన్న గొడ్డలి తీసుకున్నాడు. అది ఎర్మీనియు గొడ్డలే. తిరగేసి, పలక మీద ఉన్న వేళ్ళమీద ఒక్కటే దెబ్బ వేశాడు.

అప్పుడు మూగాయన అరిచాడు. ఆ గొంతు వానియ ఎప్పుడూ వినలేదు. తోటలో పావురాలన్నీ లేచిపోయాయి.

"ఊఁ, పని కానియ్యండి," అన్నాడు వలెంతీం మిగతావాళ్ళతో. "ఎండెక్కుతోంది."

జీపు వెళ్ళిపోయింది. వానియ ఎర్మీనియుని బండి మీదికి ఎక్కిస్తుంటే, అనీబల్ ఒక్కడే వచ్చి కాళ్ళు పట్టాడు. బండి గట్టు దాటకముందే వెనకనుంచి గొడ్డళ్ళ చప్పుడు వినిపించింది. ముందు ఒకటి, తర్వాత అన్నీ. ఆమె పంచిపెట్టాల్సిన రొట్టెలు బండిలోనే ఉన్నాయి. వాటి మీదే ఎర్మీనియు తల ఆనించింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి ఎర్మీనియు చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. మూడు వేళ్ళు నలిగాయి, అందులో రెండు ఇక ఒంగవన్నారు. ఆయన ఇంటి ముందు ఇద్దరు పోలీసు గార్డులు కుర్చీ మీద టోపీలు పెట్టుకుని కాచుకుని ఉన్నారు.

"ఎలా జరిగిందయ్యా పెద్దాయనా?"

"చెట్టు మీంచి పడ్డా," అన్నాడు ఎర్మీనియు.

"పడితే వేళ్ళు పైనుంచి చితుకుతాయా?"

"పడ్డా."

గార్డులు వానియ పెదవి వంక చూశారు. "మీరూ చెట్టు మీంచి పడ్డారా?" అని అడిగాడు వాళ్ళలో చిన్నవాడు. ఆమె నోరు తెరిచింది. ఎర్మీనియు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని నొక్కాడు. గార్డులు వెళ్ళిపోయారు.

"ఎందుకు బాబాయ్?" వానియకి ఏడుపు, కోపం కలిసొచ్చాయి. "నేను చూశాను. నేను చెప్తాను. వచ్చే సోమవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా నేను గ్రంథం ఆఖరి ప్రతి ఇచ్చెయ్యాలి. ఇక మార్చడానికుండదు. అందులో నీ మాట తీసేస్తాను. 'గ' అన్న చోట ఎస్టేటు పేరే రాస్తాను. గాయాలైన ఆ అరవై ఒక్క చెట్ల ఫొటోలూ అడవిశాఖకి పంపిస్తాను. ఎస్టేటు బెరడు అమ్ముకునే సర్టిఫికెట్టు పోవాలి, వాడు జైలుకి పోవాలి."

ఎర్మీనియు కట్టున్న చెయ్యి ఒళ్ళో సర్దుకున్నాడు. "ఆ బొమ్మలు ఒకసారి చూపించు," అన్నాడు.

ఆమె గ్రంథం తెరిచి పెట్టింది. నలభై ఒకటో బొమ్మ. చెట్టు మొదట్లో తల్లి మీద ఏడు గాయాలు, ఏడేళ్ళ తర్వాత కూడా పెదాలు మూసుకోనివి. అన్నీ ఒకేవైపు వాలి ఉన్నాయి. అన్ని చెట్ల మీదా ఒకే వాలు. దానికి ఆమె ఒక అధ్యాయం రాసింది. కొండవాలులో దిగువన నిలబడి కొట్టడం వల్ల కోత అలా వాలిందని లెక్కలు కట్టి చూపించింది. మొన్న సోమవారం సభలో పెద్ద ప్రొఫెసరు ఆ అధ్యాయాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

"దిగువన నిలబడ్డం వల్ల," అని నెమ్మదిగా అన్నాడు ఎర్మీనియు. నవ్వలేదు. లేచి, పొయ్యికోసం పడేసిన దుంగ ఒకదాన్ని కాలితో దొర్లించి గోడకి నిలబెట్టాడు. అనీబల్ తెచ్చి ఇంటి గోడకి ఆనించిన గొడ్డలి ఎడమచేత్తో తీసుకున్నాడు. ఆ చేతికి అలవాటు లేదు, తూలాడు. కట్టులో చెయ్యి కదిలి నొప్పికి పళ్ళు బిగబట్టాడు. అయినా ఎత్తి ఒక దెబ్బ వేశాడు. ఇంకోటి. మూడోది.

"చూడు."

మూడు కోతలు. పెరడు చదునుగా ఉంది, వాలన్నదే లేదు. కోతలు మాత్రం నలభై ఒకటో బొమ్మలో ఉన్నవైపే వాలాయి.

"మన ముఠాలో పుర్రచెయ్యి ఎవరిది?" అన్నాడు ఎర్మీనియు.

వానియ దుంగ ముందు కూర్చుని కోతల వెంట వేలు పోనిచ్చింది. గొడ్డలివాడి కూతురు. ఆరేళ్ళు ఆ గాయాలకు దారాలు కట్టి, కోణాలు కొలిచి, భూతద్దాలు పెట్టి చూసింది. మేకు కొట్టే చెయ్యి చూసింది, రొట్టె కోసే చెయ్యి చూసింది.

"వలెంతీం కొట్టమంటే మేమంతా గొడ్డళ్ళు దించేశాం," అన్నాడు మూగాయన. అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు. "బెరడు ఒప్పుకోలా. ఠక్కు ఠక్కుమంటోంది. మీ నాన్న ఒక్కడే నాలుగు రోజులు కొట్టాడు. ఏడుస్తా కొట్టాడు. ఆ ఏడే నువ్వు ఎవొరా వెళ్ళింది, చదువుకి డబ్బు కావాలి. చెట్లకి నువ్వు మందు కనిపెడతావేమోనని నీకు చూపించా. చెయ్యి ఎవరిదని నువ్వు అడగలా, నేను చెప్పలా. కానీ అడవిశాఖవాళ్ళు గొడ్డలి ఎరిగినవాళ్ళు. ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే చాలు. చేస్తే తెలిసి చెయ్యి తల్లీ, తెలియక చెయ్యకు."

*

శనివారం ఒంటిపూట పని. బెంటు ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని గొడ్డలి నూరుతున్నాడు. రాయి మీద ఉమ్మి, ఎడమచేత్తో గుండ్రంగా తిప్పుతూ రుద్దుతున్నాడు. రెండు రోజులుగా తండ్రీ కూతుళ్ళ మధ్య మాట లేదు. వెల్లుల్లి, కొత్తిమీర దంచి రొట్టె మీద వేడినీళ్ళు పోసుకుని ఎవరి గిన్నె వాళ్ళు తిన్నారు.

వానియ గ్రంథం తెరిచి రాయి పక్కన పెట్టింది. "ఇది ఎవరి చెయ్యి నాన్నా?"

బెంటు చూశాడు. రాయి ఆగింది.

"నాదేగా," అన్నాడు ఆశ్చర్యంగా. "నీకు తెలీదా?"

ఆమె వేలు ఇంకా ఆ బొమ్మ మీదే ఉంది.

"తెలీదా నీకు?" ఆయన లేచి నిలబడ్డాడు. "సభలో తెర మీద నా కోతలు తాటికాయంత చేసి చూపించావు. నాకు కోటు లోపల చెమటలు పోశాయి. ఇప్పుడు చెప్తది, ఇప్పుడు చెప్తది నా పేరు, అని కూర్చున్నా. నువ్వేమో కొండవాలన్నావు. పెద్ద పెద్దోళ్ళంతా తలలూపారు. నా కూతురు నన్ను దాచిందనుకున్నానే! తెలిసి, నన్ను కాపాడిందనుకున్నా!"

"నాకు తెలీదు."

"మరి ఆ కాగితం? గొడ్డలి తల్లిని తాకకూడదని నేర్పాడు మా నాన్న అని రాశావే! నన్ను క్షమించి రాశావనుకున్నా. అందుకే గోడకి కొట్టా. ఊళ్ళో అందరికీ నా సంగతి తెలుసు. నా కూతురు నన్ను క్షమించిందని అందరూ చూడాలని కొట్టా. నాలుగు మేకులేసి కొట్టా!"

"నేను నిజంగానే రాశాను నాన్నా. అది నిజమనుకుని రాశాను."

బెంటు చెయ్యి లేచింది. చిన్నప్పుడు ఒక్కసారి కూడా కొట్టని చెయ్యి. చెంప పక్కనుంచి గాలి కోసుకుంటూ వెళ్ళి వాకిట్లో మట్టికుండ మీద పడింది. కుండ ముక్కలైంది, వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. ఆయన ఆ రక్తం వంక చూసుకున్నాడు.

"నేను పట్టుకున్నా నిన్ను," అన్నాడు. "వాడు ఎర్మీనియు వేళ్ళు చితక్కొడుతుంటే నేను నిన్ను పట్టుకున్నా. నీకు తెలుసనుకున్నదే వాడు నీ ముందు నోటితో అంటాడని భయపడి పట్టుకున్నా."

గొడ్డలి అరుగు మీదే వదిలేసి బయల్దేరాడు. వానియ వెనకే పరుగెత్తింది.

కొట్టులో వలెంతీం తన ఇద్దరు మనుషులతో డామినో ఆడుతున్నాడు. కాగితం కింద బల్లే. బెంటు పలకరించలేదు. తిన్నగా వెళ్ళి ఎడమ పిడికిలితో ముక్కు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కొట్టంతా వినపడింది. బల్ల తలకిందులైంది. లేవబోయిన వలెంతీం గొంతు పట్టుకుని తల గోడకేసి బాదాడు, ఒకటి, రెండు.

"ఇదీ పుర్రచెయ్యి! ఆ చెట్లు కొట్టింది ఇదీ! చెప్పరా ఇప్పుడు, చెప్పు నా కూతురికి!"

వలెంతీం మనుషుల్లో ఒకడు వెనకనుంచి సీసా తీసుకుని బెంటు తల మీద పగలగొట్టాడు. రెండోవాడు పడ్డవాణ్ణి పడ్డట్టే తన్నసాగాడు. పెర్పెతువా పొయ్యి మీది పులుసుగిన్నె గుడ్డలతో పట్టుకొచ్చి తన్నేవాడి వీపున కుమ్మరించింది. వాడు పెట్టిన కేకకి ముఠాలో మొదట అనీబల్ లేచాడు. స్టూలు కాలు విరిచి చేతిలోకి తీసుకున్నాడు. "నిన్ననే లేవాల్సింది," అన్నాడు. నిన్న కాదు, మొన్న. కానీ ఎవరూ సరిదిద్దలేదు. తర్వాత అందరూ లేచారు. అప్పుడు జరిగింది చూడ్డానికి బాలేదు. మేనేజరునీ, ఆయన మనుషుల్నీ కాళ్ళు పట్టి గుమ్మం దాకా ఈడ్చారు. గుమ్మం రాయికి తగిలి ఒకడి పళ్ళు రాలాయి. ఎవరూ ఆపలేదు, వానియ కూడా ఆపలేదు. అది తర్వాత తలుచుకుని ఆమె సిగ్గుపడింది.

బెంటు గోడ పట్టుకుని లేచాడు. తలనుంచి రక్తం కనుబొమ మీదుగా దిగి ఒక కన్ను మూసేసింది. పెర్పెతువా చెవి వెనకున్న పెన్సిలు లాక్కున్నాడు.

"నా వరస ఏదమ్మా?"

వానియ వేలు పెట్టి చూపించింది. ఆయన ఎడమచేత్తో ఆ వరస మీద గీత గీశాడు. మళ్ళీ గీశాడు. కాగితం చిరిగి సున్నం కనపడేదాకా గీశాడు. తర్వాత కాగితాన్ని గుంజాడు. నాలుగు మూలలూ నాలుగు మేకుల కింద ఉండిపోయాయి.

*

సోమవారం పదిన్నరకి వానియ బల్ల ముందు కూర్చుని ఆఖరి ప్రతి సరిచూసుకుంటోంది. కొండవాలు అధ్యాయం కొట్టేసింది. దాని స్థానంలో ఒకటిన్నర పేజీ మిగిలింది. గాయాలన్నీ ఒకే మనిషి ఎడమచేతి గొడ్డలివనీ, బెరడు ఒప్పుకోని రోజుల్లో, గడువుకి ఒక ఏడాది ముందు, మేనేజరు ఆజ్ఞ మీద కొట్టినవనీ, తాను ముందు రాసిన కారణం తప్పనీ రాసింది. పెద్ద ప్రొఫెసరుకి ఫోను చేసి చెప్పింది. ఆయన, "పట్టా ఆగినా ఆగవచ్చు, మళ్ళీ సభ పెట్టాల్సి రావచ్చు. ఆలోచించుకున్నావా?" అని అడిగాడు. ఆలోచించుకున్నానంది. ఆరేళ్ళ కష్టం, అందులో ఏదీ ఆమె ఒక్కదానిదే కాదు.

బయట గార్డుల బండి ఆగి ఉంది. వాళ్ళంతట వాళ్ళు రాలేదు, బెంటే కబురు పెట్టాడు. చెట్ల సంగతీ, ఎర్మీనియు చెయ్యి సంగతీ, శనివారం సంగతీ అన్నీ తానే చెప్పుకుంటానన్నాడు. తలకి ఎనిమిది కుట్లు. కిందటి సోమవారం సభకి వేసుకున్న కోటే వేసుకున్నాడు. ఒక బొత్తాం కట్టున్న చేత్తో పెట్టుకోలేక అవస్థ పడుతుంటే, అరుగు మీద కూర్చున్న ఎర్మీనియు తన మంచి చెయ్యి చాపాడు. ఇద్దరికీ కలిపి రెండు చేతులే పనికొస్తున్నాయి. ఎర్మీనియు బొత్తాం రంధ్రం లాగిపట్టాడు, బెంటు దూర్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"మొదటి పేజీ మళ్ళీ రాశావా?" అన్నాడు బెంటు గుమ్మంలోంచి.

"రాశాను."

"ఆయన పేరు?"

"ఎర్మీనియు అనే రాశాను. చెప్పినవాటికీ, ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచుకున్నదానికీ."

ఎర్మీనియు ముక్కు తుడుచుకున్నాడు. "మూగాయన అని కూడా పెట్టు," అన్నాడు. "లేపోతే నేనని ఎవడికి తెలుస్తది?"

బెంటు ఇంకా అక్కడే నిలబడ్డాడు. అడగలేక టోపీ అంచు తిప్పుతున్నాడు. వానియే చదివింది. "మా నాన్న బెంటుకు. గొడ్డలి తల్లిని తాకకూడదని నేర్పినందుకు. తాకితే ఏమవుతుందో నాకు తన చేత్తోనే చూపించినందుకు."

బండిలోంచి గార్డు హారను కొట్టాడు. బెంటు టోపీ పెట్టుకోబోయి కుట్లు గుర్తొచ్చి చేతిలోనే ఉంచుకున్నాడు.

"మూగాయనది ముందుందా, నాది ముందుందా?"

"ఆయనది."

"అయితే సరే," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "పెర్పెతువా కొట్టులో మేకులు అట్లాగే ఉన్నాయిగా. కొత్త కాగితం ఆమెకియ్యి."